బియ్యానికి ఉన్న బడ్జెట్ పప్పుకూ గుడ్డుకూ ఎందుకు లేదు?

లెక్కల పుస్తకం (హనుమకొండ) – శనివారం, ఉదయం 7:20

మిత్రులందరికీ నమస్కారం. ఖజానా శాఖలో ముప్పయ్యేళ్ళు పనిచేసి విరమించాను. ఉద్యోగం పోయినా బడ్జెట్ పుస్తకాలు చదివే అలవాటు పోలేదు. ఈ మధ్య తిండికీ సేద్యానికీ సంబంధించిన పద్దులన్నిటినీ ఒకే కాగితం మీద వరసగా రాసుకున్నాను. రాసుకున్న దగ్గరి నుంచి ఒక ప్రశ్న నన్ను వదలడం లేదు.

2025-26 కేంద్ర బడ్జెట్ అంచనాల్లో ఆహార సబ్సిడీ 2.03 లక్షల కోట్ల రూపాయలు, ఎరువుల సబ్సిడీ 1.68 లక్షల కోట్లు, పీఎం కిసాన్ 63,500 కోట్లు. అంగన్‌వాడీలనూ పోషణ కార్యక్రమాన్నీ కలిపి నడిపే పథకానికి 21,960 కోట్లు, బడి మధ్యాహ్న భోజనానికి 12,500 కోట్లు. ఈ చివరి రెండూ కలిపినా ఆహార సబ్సిడీలో ఆరో వంతే అవుతాయి. తెలంగాణ బడ్జెట్‌లోనూ ఇదే తీరు కనిపిస్తుంది: అదే ఏడాదికి వ్యవసాయానికి 24,439 కోట్లు కేటాయించగా అందులో రైతు భరోసాకే 18,000 కోట్లు, పౌర సరఫరాలకు 5,734 కోట్లు, స్త్రీ శిశు సంక్షేమానికి 2,862 కోట్లు.

బియ్యం మీద ఖర్చు దండగ అనేవారికి ఊతమివ్వడానికి నేను ఇది రాయడం లేదు. మా ఇంట్లో 1983కు ముందు పండుగకే వరి అన్నం, తక్కిన రోజుల్లో జొన్న గటక, కరువు నెలల్లో ఒంటిపూట తిండి. అంతకు ముందటి ప్రభుత్వం రూపాయి తొంభై పైసలకు కిలో అని ప్రకటించినా, మా గడపలోకి బియ్యం వచ్చింది ఎన్.టి. రామారావు గారి రెండు రూపాయల పథకంతోనే. తొంభైల నడుమ ఆ ధర మూడున్నర రూపాయలకూ, ఆ తర్వాత అయిదుంపావుకూ పెరిగినప్పుడు మా అమ్మ ఎలా లెక్కలు వేసుకునేదో నాకు ఇంకా గుర్తుంది. 2008లో వై.ఎస్. రాజశేఖర రెడ్డి గారు తిరిగి రెండు రూపాయలకు తెచ్చారు, 2011లో కిరణ్ కుమార్ రెడ్డి గారి కాలంలో అది రూపాయి అయింది, 2023 జనవరి నుంచి కేంద్ర ఆహార భద్రతా చట్టం కింద పూర్తిగా ఉచితం. నలభై ఏళ్ళకు పైగా ఏ పార్టీ వచ్చినా బియ్యాన్ని నిలబెట్టింది, అది మన ప్రజలు సాధించుకున్నది.

అయితే 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో ఆరు నెలల నుంచి అయిదేళ్ళ లోపు పిల్లల్లో 70 శాతం మందికి, ఆంధ్రప్రదేశ్‌లో 63.2 శాతం మందికి రక్తహీనత ఉంది. తెలంగాణలో అంతకు ముందు సర్వేలో ఇది 60.7 శాతం, అంటే పెరిగింది. అయిదేళ్ళ లోపు పిల్లల్లో వయసుకు తగ్గ ఎత్తు లేనివారు తెలంగాణలో 33.1 శాతం, ఆంధ్రలో 31.2 శాతం. బియ్యం ఇంటింటికీ చేరుతున్న రాష్ట్రాల్లోనే పిల్లల ఒంట్లో రక్తం ఎందుకు లేదు? ఇన్ని కోట్లలో పప్పుకూ గుడ్డుకూ పాలకూ దక్కే వాటా ఇంత తక్కువగా ఎందుకు ఉంది? పనిలో ఉన్నవాళ్ళ అనుభవం వినాలని ఉంది.

ఎడమ కాలువ (మిర్యాలగూడ) – శనివారం, ఉదయం 8:05

లెక్కల పుస్తకం గారూ, మీరు అడిగినది న్యాయమైన ప్రశ్నే. అయితే ఆ ఆహార సబ్సిడీ అంతా తినేవాళ్ళ కోసమే అన్నట్టు రాశారు. అందులో పెద్ద భాగం మా వడ్లు కొనడానికి పెట్టే డబ్బు. మహిళా సంఘాలు నడిపే ఐకేపీ కొనుగోలు కేంద్రంలో కాంటా వేసి, తేమ 17 శాతం లోపు ఉందని చూసి, తరుగు తీసి, మిల్లుకు పంపి, క్వింటాలు వడ్లకు 67 కిలోల బియ్యం వెనక్కి తీసుకునే వ్యవస్థ మొత్తం ఆ పద్దు మీదే నడుస్తుంది. 2025-26లో ఏ గ్రేడ్ వడ్ల మద్దతు ధర 2,389 రూపాయలు, సన్నాలకు రాష్ట్రం ఇచ్చే బోనస్ క్వింటాలుకు 500. నాకు ఎకరాకు 24 క్వింటాళ్ళు పండుతాయి. కల్లంలో వారం పది రోజులు వానకు భయపడుతూ కాపలా కాసినా, చివరికి కొనేవాడు ఒకడున్నాడన్న ధైర్యం ఉంది. ఆ ధైర్యం మరే పంటకూ లేదు. రేపు బియ్యం తగ్గించి పప్పు ఇస్తామంటే, ముందు నా వడ్లు ఎవరు కొంటారో చెప్పి ఆ తర్వాత మాట్లాడాలి.

పలక బలపం (కదిరి) – శనివారం, ఉదయం 9:40

బడి వైపు నుంచి చెబుతాను. ప్రాథమిక పాఠశాలలో ఒక పిల్లవాడికి బియ్యం కాక పప్పు, కూరగాయలు, నూనె, పోపు సామాను, వంట చెరకు లేదా గ్యాస్ అన్నిటికీ కలిపి జాతీయ స్థాయిలో నిర్ణయించిన ఖర్చు 2025 మే నుంచి 6.78 రూపాయలు, ఆరు నుంచి ఎనిమిది తరగతుల వారికి 10.17 రూపాయలు. అంతకు ముందు 6.19, 9.29 ఉండేవి. ఈ డబ్బుతో, విడిగా వచ్చే బియ్యంతో కలిపి ప్రాథమిక తరగతి పిల్లవాడికి 450 కేలరీలు, 12 గ్రాముల ప్రొటీన్ అందాలని నియమం. మా రాష్ట్రం సొంత డబ్బు కలిపి వారానికి అయిదు గుడ్లూ, చిక్కీలూ, రాగి జావా ఇస్తోంది కనుక పిల్లల కంచం కొంత నిండుగా ఉంది. రాష్ట్రం అదనంగా కలిపే డబ్బు లేకుండా కేవలం ఆ 6.78 రూపాయలతో వండాల్సి వస్తే, పప్పు అనేది పసుపు కలిపిన నీళ్ళుగా మారుతుంది. నేను ఉద్యోగంలో చేరిన మొదటి సంవత్సరాల్లో ఒక మారుమూల బడిలో అదే చూశాను.

వండే అమ్మల సంగతి ఎవరూ రాయలేదు. వారికి కేంద్రం లెక్కలో గౌరవ వేతనం 2009 నుంచి నెలకు 1,000 రూపాయలే, అదీ ఏడాదిలో పది నెలలకు. మన రెండు రాష్ట్రాలూ తమ డబ్బు కలిపి దాన్ని 3,000 చేశాయి. నేను పనిచేసిన ఒక బడిలో బిల్లులు నెలల తరబడి రాకపోతే వంటమ్మ తన పుస్తెల తాడు తాకట్టు పెట్టి కిరాణా కొట్టు బాకీ తీర్చింది. పిల్లల ముందు ఒక్కరోజు కూడా పొయ్యి ఆపలేదు. పోషణ బడ్జెట్ గురించి మాట్లాడే ప్రతి సభలోనూ ఆమె గుర్తుకు వస్తుంది.

తార్నాక పోషణ (హైదరాబాద్) – శనివారం, ఉదయం 11:15

నేను పోషకాహార రంగంలో పనిచేస్తాను. చర్చకు అవసరమైన రెండు విషయాలు చెబుతాను.

మొదటిది పాత వాదం. అరవైల్లో, డెబ్బైల్లో మన దేశానికి ప్రొటీన్ కొరతే అసలు జబ్బు అని ప్రపంచమంతా అంటుంటే, హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థకు డైరెక్టర్‌గా పనిచేసిన సి. గోపాలన్ గారు పేదల ఇళ్ళలో లోపించింది ముందుగా కడుపు నిండా తిండి అని, ఉన్న తిండే సరిపడా తింటే ప్రొటీన్ లోటు చాలావరకు తీరుతుందని వాదించారు. ఆ రోజుల పరిస్థితికి అది సరైన అంచనా. కాబట్టి 1983లో బియ్యానికి ఖర్చు పెట్టడం శాస్త్రరీత్యా కూడా తప్పు కాదు, అప్పటి ఆకలికి అదే మందు.

రెండవది నేటి లెక్క. తెలంగాణలో మనిషికి నెలకు ఆరు కిలోలంటే రోజుకు 200 గ్రాములు. అందులో దాదాపు 700 కేలరీలు, 16 గ్రాముల వరకు ప్రొటీన్ ఉంటాయి. 55 కిలోల స్త్రీకి రోజుకు 46 గ్రాముల ప్రొటీన్ కావాలి. పైగా బియ్యపు ప్రొటీన్‌లో లైసిన్ (శరీరానికి తప్పనిసరైన ఒక అమైనో ఆమ్లం) తక్కువ, పప్పులో అది ఎక్కువ. రెండూ తింటే ఒకదాని లోటు మరొకటి తీర్చి, శరీరం ఆ ప్రొటీన్‌ను మరింత బాగా వాడుకుంటుంది. పప్పన్నం మన పెద్దలకు ఊరికే అలవాటు కాలేదు. మా సంస్కృతిలో ఉన్న ఈ జోడీలో ఒకదాన్ని ప్రభుత్వం ఉచితంగా ఇచ్చి, రెండోదాన్ని బజారుకు వదిలేసింది. జాతీయ పోషకాహార సంస్థ రోజుకు 85 గ్రాముల పప్పుధాన్యాలు తినాలంటుంది. నలుగురున్న ఇంటికి అది నెలకు పది కిలోల పైమాట.

ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బి12 కలిపిన బలవర్ధక బియ్యం గురించి కూడా చెప్పాలి. వంద గింజలకు ఒక గింజ చొప్పున కలుపుతూ వచ్చారు. 2024 అక్టోబరులో కేంద్ర మంత్రివర్గం దీన్ని 2028 డిసెంబరు వరకు 17,082 కోట్లతో కొనసాగించాలని నిర్ణయించింది. దానివల్ల కొంత మేలు ఉండవచ్చు. కానీ రక్తం పట్టడానికి ఇనుము ఒక్కటే చాలదు. ప్రొటీన్, విటమిన్ సి, నులిపురుగులు లేని పేగులు, శుభ్రమైన నీళ్ళు, ఇవన్నీ కావాలి. ఒక్క గింజలో అన్నీ పెట్టి పంపగలమని అనుకోవడం నాకు సరిగా తోచదు.

మూడో నంబరు షాపు (తెనాలి) – శనివారం, మధ్యాహ్నం 1:30

చౌకధరల దుకాణం నడుపుతున్నవాడిగా రాస్తున్నాను. ఆ బలవర్ధక గింజలు ఉబ్బి తేలుతున్నాయని, ప్లాస్టిక్ బియ్యమని కార్డుదారులు నా దగ్గరకు తెచ్చి గొడవ పడ్డారు. నేనే దుకాణం ముందు గిన్నెలో అన్నం వండి చూపించాను. ఇప్పటికీ చాలామంది చేటలో వేసి ఆ గింజలనే ఏరి పారేస్తున్నారు. అంటే ప్రభుత్వం ఎక్కువ ఖర్చు పెట్టిన గింజే ముందుగా చెత్తకుప్పలోకి పోతోంది. గ్రామ సభలో ఒక్కసారి ఓపికగా చెప్పి ఉంటే ఈ నష్టం జరిగేది కాదు.

ఇక బియ్యం సంగతి నిజాయితీగా చెప్పాలి. మా వైపు చాలా ఇళ్ళలో రేషన్ బియ్యం ఇడ్లీ, దోసెల పిండికే వాడతారు, అన్నానికి సన్నాలు కొనుక్కుంటారు. వాడుకోలేనివారు కిలో పది పన్నెండు రూపాయలకు అమ్మేస్తారు. అదే బియ్యం మిల్లులో మెరుగు పెట్టుకుని రేవు దాకా పోతుంది. 2024 నవంబరులో కాకినాడ రేవులో నౌకను ఆపిన సంగతి అందరికీ తెలుసు. తెలంగాణ 2025 ఉగాదికి హుజూర్‌నగర్‌లో సన్న బియ్యం పంపిణీ మొదలుపెట్టింది. అక్కడి డీలర్లు చెప్పేదాన్ని బట్టి జనం ఇప్పుడు ఆ బియ్యం వండుకు తింటున్నారు. తినే బియ్యం ఇస్తే తింటారు, అందులో ఆశ్చర్యమేమీ లేదు.

మా దగ్గర కందిపప్పు కార్డుకు కిలో చొప్పున 67 రూపాయలకు ఇస్తారు. బజారు ధర దానికి రెట్టింపు దాకా పోయిన నెలలున్నాయి. నెల మొదటి తేదీన నా దుకాణం ముందు వినపడే మొదటి మాట బియ్యం గురించి కాదు, "పప్పు వచ్చిందా?" అని. కొన్ని నెలలు సగం కార్డులకే వస్తుంది, కొన్ని నెలలు అసలు రాదు. వచ్చిన నెలలో ముందు వరుసలో నిలబడగలిగినవారికే దక్కుతుంది. కూలికి పోయి సాయంత్రం వచ్చే ఆడవాళ్ళు ఖాళీ సంచితో వెనక్కి వెళ్తారు. వారి ముఖం చూసి సమాధానం చెప్పాల్సింది నేను.

దూరపు చూపు (డల్లాస్) – శనివారం, మధ్యాహ్నం 2:10

అందరి అభిప్రాయాలూ చదివాను. బియ్యం, పప్పు, గుడ్డు అని వేరువేరుగా ప్రభుత్వమే కొని పంచడం కంటే, అదే సొమ్మును ఇంటి ఇల్లాలి బ్యాంకు ఖాతాలో వేస్తే ఆమెకు కావలసినది ఆమె కొనుక్కుంటుంది కదా? కిలో బియ్యం కొని, మరపట్టి, నిల్వ చేసి, చేర్చడానికి ప్రభుత్వానికి సుమారు 40 రూపాయలు అవుతుందంటారు. నలుగురున్న ఇంటికి 24 కిలోలంటే నెలకు 960 రూపాయలు. దీన్ని నగదుగా ఇస్తే గోదాములూ రవాణా దొంగతనాలూ అన్నీ ఒకేసారి తొలగిపోతాయని నా ఆలోచన. తప్పయితే దిద్దండి.

వలస కూలి బిడ్డ (బెంగళూరు) – శనివారం, సాయంత్రం 6:45

మా అమ్మానాన్నలు మహబూబ్‌నగర్ జిల్లా నుంచి ఇక్కడికి భవన నిర్మాణ పనికి వచ్చారు. దూరపు చూపు గారికి ఒక్క మాట చెప్పాలి. మా అమ్మ ఖాతాలో డబ్బు పడిన రోజే సంఘం అప్పు కిస్తీ కట్టుకుంటారు, లేదా తమ్ముడి ఫీజుకు పోతుంది. బియ్యం సంచిని అప్పులవాడు తీసుకుపోలేడు. ధర పెరిగితే 960 రూపాయలకు వచ్చే బియ్యం తగ్గుతుంది, సంచిలోని బియ్యం తగ్గదు. 2019 ఆగస్టులో ఆంధ్ర, తెలంగాణల మధ్య ఎక్కడైనా రేషన్ తీసుకునే వీలు మొదలై తర్వాత దేశమంతా వ్యాపించిన తరువాత, మేము ఇక్కడే వేలిముద్ర వేసి చట్టం ప్రకారం వచ్చే బియ్యం తెచ్చుకుంటున్నాము. 2020 వేసవిలో పనులన్నీ మూతపడినప్పుడు మా బస్తీలో దుకాణాలు తెరిచి ఉన్నా సరుకు లేదు. ఆ రోజు చేతిలో డబ్బున్నవాడూ బియ్యం కోసమే వెతికాడు.

లెక్కల పుస్తకం (హనుమకొండ) – శనివారం, రాత్రి 8:30

దూరపు చూపు గారూ, మీ ప్రశ్న అడగవలసిందే. పుదుచ్చేరిలోనూ చండీగఢ్‌లోనూ 2015 సెప్టెంబరు నుంచి ధాన్యానికి బదులు నగదు ఇచ్చే పద్ధతి పెట్టారు. అయితే ఎడమ కాలువ గారు ఉదయం అడిగినదానికి నగదులో సమాధానం లేదు: ప్రభుత్వం బియ్యం పంచకపోతే వడ్లు కొనవలసిన అవసరమూ ఉండదు. మద్దతు ధర, రేషన్ ఒకే బండికి రెండు చక్రాలు.

నా మొదటి టపాలో ఒక లోపం ఉందని మిత్రుడొకరు ఫోన్ చేసి చెప్పారు, దిద్దుకుంటున్నాను. బడి భోజనానికి వెళ్ళే బియ్యం ఖర్చు ఆ 12,500 కోట్లలో లేదు, కేంద్రం దాన్ని విడిగా భరిస్తుంది. 2021లో మంత్రివర్గం ఈ పథకాన్ని అయిదేళ్ళకు ఆమోదించినప్పుడు కేంద్రం వాటా 54,061 కోట్లు, రాష్ట్రాల వాటా 31,733 కోట్లు, ధాన్యం ఖర్చు అదనంగా సుమారు 45,000 కోట్లు అని చెప్పింది. అంటే పిల్లల భోజనం మీద కేంద్రం పెట్టే సొమ్ములో కూడా దాదాపు సగం ధాన్యానికే పోతోంది. నా లెక్క తప్పినా, నా ఆందోళన మరింత పెరిగింది.

నల్లరేగడి (తాండూరు) – ఆదివారం, ఉదయం 6:50

రాత్రి మొత్తం చదివి పొద్దున్నే రాస్తున్నాను. పప్పు కావాలని అందరూ అంటున్నారు కనుక పప్పు పండించేవాడి మాట కూడా వినండి.

మా తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. మా నేల గుణం వల్ల ఆ పప్పు త్వరగా ఉడుకుతుంది, రుచి వేరు, రెండు రోజులైనా పాడవదు. ఇంత పేరున్న పంటను నేను 2025 మొదట్లో మద్దతు ధర కంటే తక్కువకు అమ్ముకున్నాను. ఆ ఏడాది పంటకు మద్దతు ధర క్వింటాలుకు 7,550, తర్వాతి పంటకు 8,000. కానీ ప్రకటించిన ధర వేరు, కొన్న ధర వేరు. ప్రభుత్వ కొనుగోలు కేంద్రం తెరిచేసరికి చిన్న రైతు అప్పుకు భయపడి వ్యాపారికి అమ్మేసి ఉంటాడు. కేంద్రం తెరిచాక పంట నమోదులో పేరు లేదంటారు, తేమ ఎక్కువంటారు, గోనె సంచులు రాలేదంటారు. మరోవైపు 2021 నుంచి విదేశీ కందులు సుంకం లేకుండా దిగుమతి అవుతున్నాయి, ఆ గడువును ఏటా పొడిగిస్తూ వచ్చారు. పట్నంలో ధర పెరగకూడదని చేసిన పని మా కల్లంలో ధర పడగొట్టింది.

ఎకరాకు అయిదు క్వింటాళ్ళు పండితే మాకు మంచి ఏడాది. 8,000 చొప్పున 40,000 రూపాయలు. ఎడమ కాలువ గారికి 24 క్వింటాళ్ళు, బోనస్‌తో కలిపి 69,000 దాటుతుంది. ఎకరాకు ఇచ్చే రైతు భరోసా ఇద్దరికీ ఒకటే. నేను ఉచిత కరెంటు పెద్దగా వాడను, యూరియా కొద్దిగానే చల్లుతాను, కాలువ నీళ్ళు నాకు లేవు. ప్రభుత్వం సేద్యానికి పెట్టే ఖర్చులో నీళ్ళకూ కరెంటుకూ ఎరువుకూ వడ్ల కొనుగోలుకూ పోయేదంతా కలిపి చూస్తే, వానకు పండే పప్పు రైతుకు దక్కేది తక్కువ. నా పొలం మీదుగా వెళ్ళే కాలువ కూడా లేని చోట నేను పంట మార్చుకోమన్నా మార్చుకోలేను. అయినా మేము కందే వేస్తున్నాం, ఎందుకంటే ఈ నేలకు అదే తగినది.

2025 బడ్జెట్‌లో నాలుగేళ్ళ పాటు నాఫెడ్, ఎన్‌సీసీఎఫ్ అనే జాతీయ సహకార సంస్థలు నమోదైన రైతుల దగ్గర కంది, మినుము, మసూర ఎంత తెచ్చినా కొంటాయని ప్రకటించారు. అది మాట మీద నిలబడితే మాకు మేలు. కొన్న కందులు ఎక్కడికి పోతాయన్నది నా ప్రశ్న. తాండూరులో కొన్న కందిని తాండూరు చౌకధరల దుకాణానికి ఎందుకు ఇవ్వరు?

ఎడమ కాలువ (మిర్యాలగూడ) – ఆదివారం, ఉదయం 8:20

నల్లరేగడి అన్నా, మీ లెక్క నాకు బాధ కలిగించింది. నాకు పెట్టుబడి ఎక్కువ, కోత యంత్రం అద్దె, నాట్ల కూలీ, మందులు పోతే చేతికి మిగిలేది మీరనుకున్నంత కాదు. అయినా మీకు లేని భరోసా నాకుందన్నది నిజం, ఒప్పుకుంటున్నాను. యాసంగిలో నాకు కూడా రెండెకరాల్లో మినుమో పెసరో వేయాలని ఉంటుంది. వేసి ఎవరికి అమ్మాలి? ఒక్క ఏడాది కాదు, అయిదేళ్ళు వరసగా కొంటామని మా ఐకేపీ కేంద్రంలోనే కాంటా పెట్టి చెప్పమనండి. మా ఊళ్ళో సగం మంది చివరి ఆయకట్టు రైతులు మారతారు. నా వడ్లు తగ్గించి పప్పు కొనడం కాదు, పప్పుకు కూడా వడ్లకున్న గౌరవం ఇవ్వాలి. అలా అయితే నాకు అభ్యంతరం లేదు.

చిన్నారి బడి (ఉట్నూరు) – ఆదివారం, మధ్యాహ్నం 12:10

అంగన్‌వాడీ టీచరుగా పనిచేస్తున్నాను. అయ్యలు, అమ్మలు అందరూ పెద్ద పద్దుల గురించి రాశారు. నా కేంద్రంలో ఒక రోజు ఎలా ఉంటుందో చెబుతాను.

ఆరోగ్యలక్ష్మి పథకం 2015 జనవరి నుంచి ఉంది. గర్భిణులకూ బాలింతలకూ రోజూ కేంద్రంలోనే పప్పు, ఆకుకూరతో అన్నం, ఒక గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు పెడతాము. ఈ పథకం చాలా మంచిది. ఇంటికి ఇస్తే అత్తమామలకూ పెద్ద పిల్లలకూ పంచి తాను చివర తినే కోడలు, నా కేంద్రంలో కూర్చుని తన గుడ్డు తానే తింటుంది. మూడేళ్ళ లోపు పిల్లలకు ఇచ్చే బాలామృతం అనే పోషక పిండి సంచి మాత్రం ఇంటికే పోతుంది, రెండున్నర కిలోలు నెలంతా రావాలి. నలుగురు పిల్లలున్న ఇంట్లో అది వారం కూడా రాదు. ఆ తల్లి చేసిన తప్పేమీ లేదు, ఆకలిగా చూసే పెద్ద పిల్లవాడికి పెట్టకుండా ఏ తల్లీ ఉండలేదు.

కేంద్ర ప్రభుత్వం నిర్ణయించిన ఖర్చు పిల్లలకు రోజుకు 8 రూపాయలు, గర్భిణులకు 9.50, తీవ్ర పోషణ లోపం ఉన్న పిల్లలకు 12. ఇవి 2017లో పెట్టిన అంకెలు, తర్వాత ఏళ్ళ తరబడి కదలలేదు. అదే 2017-18లో సాధారణ రకం వడ్ల మద్దతు ధర 1,550 రూపాయలు, 2025-26లో 2,369. వడ్ల ధర ఏటా పెరిగింది, పెరగాలి కూడా. గుడ్డు ధర రోజూ మారుతుంది, పత్రికల్లో రోజూ వేస్తారు. బిడ్డ కంచం ధర మాత్రం ఎవరికీ గుర్తు రాలేదు. మా రాష్ట్రం తన డబ్బు కలుపుతోంది కనుక నడుస్తోంది, అయినా సరఫరా చేసేవారు చిన్న గుడ్లు పంపడం, ఎండాకాలంలో పాడైనవి రావడం, వారం ఆలస్యం కావడం మాకు అలవాటైపోయింది. మా గూడేనికి రోడ్డు తెగిపోయే వానాకాలంలో రెండు వారాలు గుడ్డు లేకుండా గడిచిన సందర్భాలున్నాయి. ఆ రెండు వారాల్లోనే ఒక పాపకు తూకం ముప్పావు కిలో తగ్గింది. రిజిస్టరులో ఆ గీత దిగువకు గీయవలసి వచ్చినప్పుడు నా చెయ్యి ఆగిపోయింది.

తార్నాక పోషణ (హైదరాబాద్) – ఆదివారం, మధ్యాహ్నం 3:00

చిన్నారి బడి గారు చెప్పినది ఎన్నో పరిశోధనల కంటే సూటిగా ఉంది. ఎదుట కూర్చోబెట్టి పెట్టే భోజనానికీ, ఇంటికి పంపే సరుకుకూ తేడా ఇదే. తూకం తగ్గిన బిడ్డకు తిరిగి ఆ బరువు రావడానికి పట్టే కాలం, తరచుగా తగ్గడానికి పట్టిన కాలం కంటే ఎక్కువే. గర్భం నాటి నుంచి బిడ్డకు రెండేళ్ళు నిండే దాకా ఉండే తొలి వెయ్యి రోజుల్లో జరిగిన నష్టం తర్వాత బడి భోజనంతో పూర్తిగా పూడదు. అందుకే ఉన్న కొత్త రూపాయిని ముందుగా గర్భిణికీ రెండేళ్ళ లోపు బిడ్డకూ పెట్టాలని నేను కోరతాను, కార్డుదారులందరికీ పప్పు అన్నది దాని తర్వాతే. ఈ విషయంలో లెక్కల పుస్తకం గారు విభేదించవచ్చు.

లెక్కల పుస్తకం (హనుమకొండ) – ఆదివారం, సాయంత్రం 5:45

ముందు వెనుకల విషయంలో మీతో ఏకీభవిస్తాను, కానీ రెండింటికీ సొమ్ము ఉందని నా నమ్మకం. అంచనా వేసి చూశాను. తెలంగాణలో కోటి కార్డులు ఉన్నాయనుకుందాం. కార్డుకు నెలకు కిలో కందిపప్పు చొప్పున ఏడాదికి 12 కోట్ల కిలోలు. కిలోకు 60 రూపాయల సబ్సిడీ భరిస్తే 720 కోట్లు. రైతు భరోసా కేటాయింపులో అది నాలుగు శాతం. రెండు కిలోలిచ్చినా 1,440 కోట్లు. పది క్వింటాళ్ళ కందులకు ఏడు క్వింటాళ్ళ పప్పు వస్తుందనుకుంటే, కిలో చొప్పున ఇవ్వడానికి దాదాపు 17 లక్షల క్వింటాళ్ళ కందులు కొనాలి. నల్లరేగడి గారి దిగుబడి లెక్కన అది సుమారు మూడున్నర లక్షల ఎకరాల పంట. ఆ రైతులకు ఏటా కొనే చేయి ఒకటి దొరికినట్టే. ఎడమ కాలువ గారి వడ్లను ఒక్క గింజ కూడా తగ్గించనక్కరలేదు.

చట్టం కూడా దీనికి అడ్డు కాదు. 2013 ఆహార భద్రతా చట్టం 12వ సెక్షన్ చెప్పిన సంస్కరణల్లో, పంపిణీ చేసే సరుకుల రకాలను కాలక్రమంలో పెంచడం ఒకటి, స్థానిక పంపిణీ నమూనాలకూ ధాన్య బ్యాంకులకూ తోడ్పడడం మరొకటి. ఆ రెండో మాట చదివినప్పుడు నాకు జహీరాబాద్ గుర్తుకొచ్చింది. పస్తాపూర్ కేంద్రంగా పి.వి. సతీష్ గారి డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీతో కలిసి, ఆ ప్రాంతపు దళిత మహిళలు తొంభైల్లోనే బీడు భూములు దున్ని, జొన్నలు పండించి, ఊళ్ళోనే నిల్వ చేసి, ఊళ్ళో ఎవరి ఇంట్లో ఎంత ఆకలి ఉందో తామే కూర్చుని తేల్చి, తక్కువ ధరకు పంచుకున్నారు. పొలం, గోదాము, దుకాణం, తినే ఇల్లు ఒకే ఊళ్ళో ఉన్న రేషన్ అది. చదువు రాని ఆడవాళ్ళు చేసి చూపించినదాన్ని ఇన్ని శాఖలున్న ప్రభుత్వం చేయలేదంటే నేను ఒప్పుకోను. ఒడిశా 2017లో మొదలుపెట్టిన చిరుధాన్యాల మిషన్‌తో రాగులను గిరిజన రైతుల దగ్గర కొని రేషన్‌లోకీ అంగన్‌వాడీలోకీ తెచ్చింది కూడా.

మూడో నంబరు షాపు (తెనాలి) – ఆదివారం, రాత్రి 7:30

సార్, పప్పు ఇస్తామంటే ముందుగా నా చేతులు సిద్ధంగా ఉన్నాయి. కానీ ఈ మాటలన్నీ ప్రభుత్వానికి అర్జీగా పంపేటట్టయితే, మూడు సంగతులు అందులో రాయించండి. పప్పు పుచ్చిపోతుంది, బియ్యంలా మూడు నెలలు గోదాములో పడేస్తే పురుగు పడుతుంది, కనుక కిలో ప్యాకెట్ల మీద మర పట్టిన తేదీ ఉండాలి. చూడటానికి కందిపప్పులా ఉండి ఒంటికి హాని చేసే కేసరి పప్పు కలిపే దొంగలున్నారు, మండల గోదాములోనే నమూనా తీసి పరీక్షించాలి. నూరు కార్డులుంటే నూరు ప్యాకెట్లూ ఒకేసారి రావాలి. సగం కోటా పంపి ఊళ్ళో వాళ్ళ మధ్య తగువు పెట్టవద్దు.

పలక బలపం (కదిరి) – ఆదివారం, రాత్రి 8:15

అర్జీ రాస్తున్నట్టయితే బడి భోజనం ఖర్చును ఏటా ధరల సూచీతో పాటు తనంతట తానే పెరిగేలా చేయమని చేర్చండి. రెండు మూడేళ్ళకొకసారి కమిటీ కూర్చుని కొన్ని పైసలు పెంచే పద్ధతి పోవాలి. వంటమ్మల వేతనం పన్నెండు నెలలకూ ఇవ్వాలి, సెలవుల్లో వారికి ఆకలి ఆగదు.

లెక్కల పుస్తకం (హనుమకొండ) – ఆదివారం, రాత్రి 9:30

రాసుకున్నాను. అర్జీ రాష్ట్ర ఆహార కమిషన్‌కు ఒకటి, జిల్లా ఫిర్యాదుల పరిష్కార అధికారికి ఒకటి పంపుదాము. చట్టం ప్రకారం ఇద్దరూ ఉండాలి. 28వ సెక్షన్ సామాజిక తనిఖీ జరపాలంటుంది, దాన్ని కూడా అడుగుదాము. నల్లరేగడి గారూ, మీ మండలంలో కొనుగోలు కేంద్రం ఏ తేదీన తెరిచారో, అప్పటికి మీ ఊరి పంటలో ఎంత అమ్ముడుపోయిందో వివరం పంపండి. చిన్నారి బడి గారూ, మీ తరఫున ఏం చేర్చమంటారు?

చిన్నారి బడి (ఉట్నూరు) – ఆదివారం, రాత్రి 10:05

ఒక్కటే చేర్చండి సార్. గుడ్ల బండి వచ్చిన రోజు తల్లుల ముందు లెక్కపెట్టి, తూచి, పాడైనవి అప్పుడే వెనక్కి పంపే అధికారం తల్లుల కమిటీకి ఉండాలి. ఇప్పుడు దింపిన కాగితం మీద నా సంతకం ముందే అడుగుతారు. ఆ పాప ఇప్పుడు మళ్ళీ తూకానికి వస్తోంది, పోయిన వారం రెండు వందల గ్రాములు పెరిగింది. రేపు పొద్దున పాలు వస్తాయో లేదో బండి డ్రైవరుకు ఫోన్ చేసి కనుక్కోవాలి, ఉంటాను.